ఆకుకు చిల్లు పడితే అంత కంగారెందుకు?

కుండీలోని నిమ్మ మొక్కకు నాలుగు ఆకులు చిల్లులు పడగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. సాయంత్రానికల్లా పురుగుమందు కొట్టేస్తారు. తర్వాత ఎప్పుడో "ఈ మధ్య సీతాకోకచిలుకలు కనిపించడం లేదు" అని బాధపడేదీ వాళ్లే. మందు కొట్టింది వాటి పిల్లల మీదేనన్న సంగతి తట్టదు.

నిమ్మ, కరివేపాకు మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుక ఒకటుంది. దాని గొంగళిపురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. పిట్టలూ మోసపోతాయి, మనమూ మోసపోతాం. కాస్త పెరిగాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. జిల్లేడు మీద బతికే రకానిది మరో ఎత్తు. జిల్లేడులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. దాన్ని ఒకసారి రుచి చూసిన పక్షి మళ్లీ ఆ జోలికి రాదు. ఏ పురుగుకు ఏ ఆకు పడుతుందన్నది ఇలా లక్షల ఏళ్లుగా కుదిరిన లెక్క. నర్సరీ నుంచి కొత్త మొక్క తెచ్చిపెట్టినంత మాత్రాన ఆ లెక్క మారదు.

లాంటానానే చూడండి. అమెరికా ఖండాల నుంచి అందం కోసం తెచ్చిన పొద, ఇప్పుడు అడవుల్నే కమ్మేస్తోంది. దాని పూల మీద సీతాకోకచిలుకలు వాలతాయి, తేనె తాగుతాయి. చూసేవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ వాటిలో దాదాపు ఏదీ ఆ ఆకు మీద గుడ్డు పెట్టదు. పూటకూళ్లిల్లు ఉంది గానీ పురిటిగది లేదు!

పిచ్చుకల విషయంలోనూ ఇదే పొరపాటు. గూడుపెట్టె కడతాం, గింజలు చల్లుతాం. మంచిదే. అయితే పెద్ద పిచ్చుకకు గింజలు సరిపోతాయి గానీ, కళ్లు తెరవని పిల్లకు కావలసింది మెత్తటి పురుగులు. 1958లో ధాన్యం తినేస్తున్నాయని చైనా పిచ్చుకలను నిర్మూలించాల్సిన జీవుల జాబితాలో చేర్చి, వెంటాడి చంపించింది. పంట మీద పురుగులు పెరిగాక, 1960లో ఆ జాబితాలోంచి పిచ్చుకను తీసేసి నల్లిని చేర్చుకుంది. ఇప్పుడేమో పిల్లలకు పెట్టాల్సిన ఆ పురుగులే తగ్గిపోతున్నాయి. జర్మనీలోనైతే రక్షిత ప్రాంతాల్లోనే ఎగిరే కీటకాల మొత్తం బరువు 27 ఏళ్లలో 75 శాతానికి పైగా తగ్గిందని 2017లో ఒక అధ్యయనం తేల్చింది.

అన్నిటినీ భరించమని కాదు. దోమలు పెరిగే నిలవ నీటిని పారబోయాల్సిందే. పాము ఇంట్లోకొస్తే దూరం జరిగి, పట్టడం తెలిసినవాళ్లను పిలవాల్సిందే. విషం లేని, ఎలుకల్ని తినే జెర్రిపోతును నాగుపామనుకుని కొట్టి చంపడమే అన్యాయం.

ఇక ఆకుల సంగతి. బలంగా ఉన్న మొక్క మళ్లీ చిగురిస్తుంది. లేత మొక్కయితే నాలుగైదు గొంగళిపురుగులు చాలు, బోడి చేసేస్తాయి. అప్పుడు మందు అక్కర్లేదు, వాటిని ఆకుతో సహా తీసి దగ్గర్లోని పెద్ద నిమ్మచెట్టు మీద వదిలితే సరి.