బస్సెక్కిన శార్దూలం

నా నవలలో కథానాయిక ఆర్టీసీ కండక్టరు. రాత్రి చివరి బస్సులో టిక్కెట్టు తీసుకోమన్నందుకు రాజు అనే తాగుబోతు ఆమె చెయ్యి పట్టుకోబోవడం, ఆమె ఎదురు తిరగడం ఆ నవలకు ఆయువుపట్టు. ఆ ఘట్టంలో సంభాషణలు పేలవంగా ఉన్నాయని, సంభాషణ రాయడం నేర్వాలంటే తిక్కనను మించిన గురువు లేడని మిత్రుడొకరు చెప్పగా, పొద్దున్నే విరాటపర్వం చదువుతూ, సాయంత్రం పూట నవలను దిద్దుకుంటూ వేసవి అంతా గడిపాను.

సలహా మంచిదే. నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలిన భారతాన్ని అందుకున్న తిక్కన, ఆ మిగిలిన ముక్క జోలికి పోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టి 15 పర్వాలు రాశాడు. ఆ 15 పర్వాలలోనూ మనుషులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. పైగా ద్రౌపదీ కీచకుల ఘట్టం నా బస్సు ఘట్టానికి అతికినట్టు సరిపోయింది. ద్రౌపది కీచకుణ్ణి హెచ్చరించే ‘దుర్వారోద్యమ’ పద్యాన్ని రోజూ గొంతెత్తి చదివేవాణ్ణి. విరాటపర్వం చదివితే వానలు కురుస్తాయని పల్లెల్లో నమ్మకం. మా వీధిలో చినుకైనా రాలలేదు గాని, నవల మాత్రం తడిసి ముద్దయింది.

డిపో మేనేజరు మందలించగానే కండక్టరు ‘అనిన విని’ జవాబు చెప్పడం, డ్రైవరు ‘అంత నక్కడ’ బస్సు ఆపడం వంటి వింతలు పుట్టుకొచ్చాయి. వాటిని కంప్యూటరు చేత వెతికించి తీసేయించాను. గ్రాంథికం కంటికి కనిపిస్తుంది కాబట్టి ఏరి పారేయవచ్చు. గణాలు కనిపించవు.

మా ఊరి సాహితీ మిత్రుల నెలవారీ సమావేశంలో ఆ ప్రకరణం చదవడానికి నాకు 10 నిమిషాలు కేటాయించారు. అయితే అక్కడ ఒక నియమం ఉంది: రచయిత తన రచనను తానే చదవరాదు, నిష్పాక్షికత కోసం మరొకరు చదవాలి. ఈ నియమాన్ని కనిపెట్టిన కార్యదర్శిగారు తన కథలను మాత్రం తానే చదువుకుంటారు. దానికి కారణం కళ్లజోడని చెబుతారు. నా కాగితాలను ఆయన ఒకప్పుడు రాయబారం నాటకంలో కృష్ణపాత్ర ధరించిన పెద్దమనిషి చేతిలో పెట్టారు.

ఆయన మొదటి రెండు పేజీలు మర్యాదగానే చదివారు. బస్సు ఊరు దాటింది, దీపాలు తగ్గాయి, రాజు తూలుతూ లేచాడు, ముందు వరసలో ఒకావిడ నిజంగానే ఊపిరి బిగబట్టింది. అప్పుడు కండక్టరు నోటి మాట వచ్చింది: ‘టిక్కెట్టే అడిగాను, నీకు పొగరా? టెక్కేంటి, దింపేయనా?’

పెద్దమనిషి ఆగారు. అదే వాక్యాన్ని పెదవులతో మళ్లీ చదువుకున్నారు. ఆయన కుడిచేయి మెల్లగా లేచి, లేని పిల్లనగ్రోవిని సవరించుకుంది. నాటక రంగాన్ని ఎరిగినవారికి ఆ కదలిక అర్థం తెలుసు. దాని వెనుక ఆలాపన వస్తుంది, దాన్ని ఆపగల శక్తి నిర్వాహకులకు ఉండదు. రాయబారంలో కృష్ణుడు పాడే ‘జెండాపై కపిరాజు ముందు సితవా’ అన్న నడకా, ‘టిక్కెట్టే అడిగాను నీకు పొగరా’ అన్న నడకా ఒకటేనని, రెండూ శార్దూల విక్రీడితమనే పద్యవృత్తమేనని ఆ సభలో ఆయనకు మాత్రమే తట్టింది. నాకు తట్టలేదు. నేను రాసినది వచనమని నమ్మి, ఆ వాక్యం ఒక్కటే సహజంగా వచ్చిందని వేసవి అంతా మురిసిపోయాను.

ఆయన పాడారు. ‘టిక్కెట్టే’ దగ్గర కాసేపు నిలిచి, ‘పొగరా’ దగ్గర రాగాన్ని పైకి లేపి, అక్కడే సభను ఒకసారి కలయజూసి, ‘దింపేయనా’ అన్న చివరి దీర్ఘాన్ని అందుకుని, దుర్యోధనుడి కొలువు అదరగొట్టిన నాటి ఊపిరితో సాగదీశారు. ఫ్యాను రెక్కల చప్పుడు ఆ దీర్ఘంలో మునిగిపోయింది. టీ తెచ్చిన కుర్రవాడు ట్రేతో సహా గుమ్మంలోనే నిలిచిపోయాడు. దీర్ఘం ముగిసేసరికి వెనుక వరసలోంచి ‘వన్స్ మోర్’ వినిపించింది. పద్యనాటకాల వాళ్లకు ఆ రెండు మాటలు చెవిన పడితే వేళాపాళా ఉండదు. రెండోసారి పాడినప్పుడు బస్సులో చేయి ఎత్తిన రాజు ఎత్తిన చేయి అలాగే ఉంచుకుని నిరీక్షించవలసి వచ్చింది. ఊపిరి బిగబట్టిన ఆవిడ తల ఊపుతూ తొడ మీద తాళం వేస్తోంది.

ఆ తర్వాత పంతులుగారు లేచారు. ఆయన విశ్రాంత తెలుగు పండితులు. నా నవలకు ముందుమాట రాస్తానని మాట ఇచ్చిన మహానుభావులు కూడా. వేళ్ల మీద మ, స, జ, స, త, త, గ అని లెక్కించి, 19 అక్షరాలూ సరిపోయాయనీ, 13వ అక్షరం దగ్గర ‘టి’కి ‘టె’ యతి చక్కగా కుదిరిందనీ ప్రకటించారు. కాని పద్యం నడుమ అచ్చు రావడం దోషమట. ‘టిక్కెట్టే అడిగాను’ అనరాదు, యడాగమం చేసి ‘టిక్కెట్టే యడిగాను’ అనాలట. అర్ధరాత్రి బస్సులో ఒంటరిగా ఉన్న ఆడమనిషి తాగుబోతును గద్దిస్తూ యడాగమం చేస్తుందా అని నేను అడిగాను. ద్రౌపది చేయలేదా అని ఆయన అడిగారు. స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చాక ఇంకా టిక్కెట్టు గొడవ ఏమిటని మరొకరు అడిగారు. తాగుబోతు మగవాడండీ అని నేను చెప్పినది ఎవరూ వినలేదు.

సమస్యాపూరణంలో ఇచ్చేది సాధారణంగా చివరి పాదం కాబట్టి, నాది మొదటిదా నాలుగోదా అన్న చర్చ లేచింది. మొదటిదేనని తీర్మానించి, మిగిలిన మూడింటికి రెండో అక్షరంగా ‘క్క’ ప్రాస రావాలని పంతులుగారు గుర్తుచేయగానే, నవలలంటే నిద్రపోయే బ్యాంకు ఉద్యోగి ఒకరు లేచి నిలబడ్డారు:

‘రొక్కం లేకయె బస్సు నెక్కితివిరో, రోషంబు నాపైననా!’

చప్పట్లు మారుమోగాయి. నా కండక్టరు జన్మలో ‘లేకయె’ అనదని నేను గొణిగాను. నాకు కేటాయించిన 10 నిమిషాలు ఎప్పుడో అయిపోయాయని కార్యదర్శిగారు గంట కొట్టి మరీ తెలియజేశారు. ఆ రాత్రి ఆమె ఇల్లు చేరిందో లేదో అడిగినవాడు లేడు.

ఈ ఉదయం పంతులుగారు ఫోను చేశారు. మూడో పాదం ‘చొక్కారావను తాగుబోతు’ అన్నంతవరకు దివ్యంగా వచ్చిందనీ, ‘రాజు’ అన్న పేరుతో పాదం ఎత్తుకుంటే ప్రాస పొసగదు కాబట్టి నవల పొడుగునా వాడి పేరు మారిస్తే బాగుంటుందనీ, అది తేలాక ముందుమాట సంగతి చూద్దామనీ సెలవిచ్చారు. ముందుమాట లేనిదే అచ్చువేయనని ప్రచురణకర్త ఇదివరకే చెప్పి ఉన్నాడు. అందుచేత కంప్యూటరు తెరిచి, ‘రాజు’ ఉన్న ప్రతి చోటా ‘చొక్కారావు’ అని పెట్టమని ఆజ్ఞాపించాను. అది అరక్షణంలో పని ముగించింది. నాలుగో ప్రకరణంలో కిరాణా కొట్టువాడు పప్పును తచొక్కారావులో తూచాడు. ఆరో ప్రకరణంలో కండక్టరు తల్లి ఊదుగొట్టంతో ఊదగా ఊదగా పొయ్యిలో నిప్పు చొక్కారావుకుంది.