క్లార్క్ గెలిచి ఉంటే బ్రిటన్ ఇరాక్ యుద్ధానికి వెళ్లేదా?

కన్జర్వేటివ్ పార్టీ నేత కెన్నెత్ క్లార్క్ అనగానే బ్రిటిష్ పత్రికలకు జాజ్ సంగీతం, చుట్టలు, నలిగిన సూటు గుర్తొస్తాయి. ఆ తరవాత పదవుల చిట్టా విప్పుతాయి. 1970 నుంచి 2019 దాకా రష్‌క్లిఫ్ ఎంపీ. ఆరోగ్యం, విద్య, హోం, ఆర్థికం, న్యాయం అన్నీ చూశారు. హీత్, థాచర్, మేజర్, కామెరాన్ ప్రభుత్వాల్లో పనిచేశారు. 1997లో అధికారంలోకి వచ్చిన లేబర్ పార్టీ రెండేళ్లపాటు ఆయన గీసిన ఖర్చుల గీత దాటబోమని ముందే మాట ఇచ్చిందంటే, ఆర్థిక మంత్రిగా ఆయనకు అంతకుమించిన కితాబు అక్కర్లేదు. అయితే నా దృష్టిలో ఈ చిట్టా కన్నా ఆయనకు దక్కని పదవే ముఖ్యం.

2001లో వరసగా రెండోసారి చిత్తయిన కన్జర్వేటివ్ పార్టీ కొత్త నాయకుణ్ణి వెతుక్కుంది. ఎంపీల చివరి రౌండులో క్లార్క్‌కు 59, ఇయాన్ డంకన్ స్మిత్‌కు 54, మైకేల్ పోర్టిలోకు 53 ఓట్లు పడ్డాయి. కానీ తుది మాట పార్టీకి చందా కట్టే మామూలు సభ్యులది. 1997 నాయకత్వ పోటీలో క్లార్క్‌ను ఓడించిన విలియం హేగ్ తెచ్చిన పద్ధతే అది! సభ్యులు డంకన్ స్మిత్‌కు 1,55,933 ఓట్లు, క్లార్క్‌కు 1,00,864 ఓట్లు వేశారు. యూరోపియన్ యూనియన్‌ను సమర్థించడమే క్లార్క్ చేసిన నేరం. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. ఒక్క సార్వత్రిక ఎన్నికనైనా ఎదుర్కోకముందే, 2003 అక్టోబరులో ఆ నాయకుణ్ణి సొంత ఎంపీలే 90-75 ఓట్లతో దించేశారు.

ఈలోగా ఏం జరిగిందో చూడండి. 2003 మార్చి 18న ఇరాక్ యుద్ధంపై పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో ఓటింగు. 139 మంది లేబర్ ఎంపీలు తమ ప్రధాని టోనీ బ్లేయర్ మీద తిరగబడ్డారు. లిబరల్ డెమోక్రాట్లు యాభై మందికి పైగా యుద్ధం వద్దన్నారు. డంకన్ స్మిత్ మాత్రం తన పార్టీని బ్లేయర్ వెనక నిలబెట్టారు. వద్దన్న కొద్దిమంది కన్జర్వేటివ్‌లలో క్లార్క్ ఒకరు. ఆయనే ప్రతిపక్ష నాయకుడై ఉంటే? 2001లో ఆ పార్టీకి వచ్చినవి 166 సీట్లు. అందులో నాలుగింట మూడు వంతుల మంది ఆయన వెంట నడిచినా బ్లేయర్ తీర్మానం గట్టెక్కడం గగనమయ్యేది. పార్టీ ఆయన మాట వినేది కాదని కొందరంటారు. నాయకుడు కాదన్న యుద్ధానికి ఎంతమంది ప్రతిపక్ష ఎంపీలు చేతులెత్తుతారు?

క్లార్క్ మచ్చ లేనివారని నేననను. రక్త ఉత్పత్తుల ద్వారా ఎయిడ్స్ సోకుతుందనడానికి నిర్ధారిత రుజువు లేదని 1983లో ఆరోగ్య శాఖలో ఉండగా ఆయన అన్నమాటను కలుషిత రక్తంపై 2024లో వచ్చిన విచారణ నివేదిక తప్పుబట్టింది. మంత్రిగా ఆయన లెక్కలో అది ఉండి తీరాలి.

నా గొడవ ఆ సభ్యుల ఓటుతోనే. నాయకుడితో రోజూ పనిచేయాల్సినవాళ్లు ఎంపీలు, ఎంచుకునేవాళ్లు ఇంకెవరో! 2022లోనూ ఇదే తంతు. ఎంపీల్లో రిషి సునాక్‌కు 137, లిజ్ ట్రస్‌కు 113. సభ్యులు ట్రస్‌ను ప్రధానిని చేశారు. 49 రోజులు. ఆ తరవాత సభ్యుల ఓటింగు లేకుండానే సునాక్‌ను తెచ్చుకోవాల్సి వచ్చింది.

బోరిస్ జాన్సన్‌నూ 2019లో సభ్యులే గెలిపించారు. యూరోపియన్ యూనియన్ నుంచి బయటపడ్డాక, అంటే బ్రెగ్జిట్ తరవాతా, దానితో ఉమ్మడి సుంకాల ఏర్పాటైన కస్టమ్స్ యూనియన్‌లో ఉందామంటూ క్లార్క్ పెట్టిన ప్రతిపాదన అప్పటికి దాదాపు నాలుగు నెలల కిందటే మూడే ఓట్ల తేడాతో వీగిపోయింది. ఒప్పందం లేని బ్రెగ్జిట్‌ను అడ్డుకున్నందుకు సెప్టెంబరులో 21 మంది ఎంపీలను జాన్సన్ పార్టీ బృందం నుంచి బయటకు పంపారు. సభలో అందరికన్నా సీనియర్ అయిన క్లార్క్ కూడా వారిలో ఉన్నారు. ఏడాది తిరగ్గానే అదే జాన్సన్ ఆయనను పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభకు పంపారు.