మత్తు పుస్తకం కొనబోయే మంచివాళ్లకు

నేను మత్తుమందుల జోలికి పోని మనిషిని. ఈ సంగతి నన్నెవరూ అడగలేదు. అయినా అడక్కుండానే చెప్పడం నాకు అలవాటు. అలాంటి నాకు ఈ మందులు మెదడులోకి వెళ్లి అసలు ఏం వెలగబెడతాయో తెలుసుకోవాలనిపించింది. కొత్తవాడికి కూడా అర్థమయ్యే చిన్న పుస్తకం ఒకటి ఎంచుకుందామని, కాఫీ కలుపుకుని కూర్చున్నాను. అది మూడో కప్పు.

ఈ పుస్తకాల్లో ఒక జాతి అట్టతోనే బెదిరిస్తుంది. నల్లటి అట్ట, సిరంజి, ఎర్ర అక్షరాలు. లోపల నీతి పుష్కలం, నాడీకణం నాస్తి. వీటిని ఎవరూ తమ కోసం కొనుక్కోరు, పక్కింటి కుర్రాడికి బహుమతిగా ఇస్తారు. ఇంకో జాతికి అట్ట నిండా రంగులే. రచయితకు ఏదో ఒక రాత్రి విశ్వమంతా ఒక్కటేనని తెలిసిపోయి ఉంటుంది. ఆ తెలిసిందేమిటో 300 పేజీలు చదివినా మనకు తెలియదు. ఇక పాఠ్యపుస్తకాలంటారా, మొదటి పేజీలోనే రసాయనాల బొమ్మలు, ఆ షట్కోణాలు మొదలవుతాయి. నిద్రమాత్రల గురించి చదువుతుంటే మాత్ర అవసరం లేకుండానే పని జరిగిపోతుంది.

చివరికి నేనే ఒక పరీక్ష కనిపెట్టాను. పుస్తకం చేతికి రాగానే వెనక సూచికలో 'కెఫీన్' ఉందా అని చూడాలి. లేదంటే ఆ పుస్తకం 'వాళ్ల' గురించి రాసినది, మన గురించి కాదు. నాకు దొరికిన పుస్తకంలో ఉంది. పైగా ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువమంది వాడే సైకోయాక్టివ్ పదార్థం, అంటే మెదడు మీద పనిచేసి మనసు తీరు మార్చేది, అదేనని రాశారు. కప్పు కొంచెం దూరం జరిపి చదివాను.

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పోగవుతూ ఉంటుందట. దానికంటూ నాడీకణాల మీద కుర్చీలుంటాయి, వాటినే రిసెప్టర్లంటారు. అది వెళ్లి కూర్చుంటే మనకు మగత. కెఫీన్ చూడ్డానికి దానిలాగే ఉంటుంది కాబట్టి ముందే వెళ్లి ఆ కుర్చీ ఆక్రమిస్తుంది. కూర్చున్నాక పనేమీ చెయ్యదు, అసలు మనిషిని కూర్చోనివ్వదు. ఇలాంటివాళ్లను ఉద్యోగంలో చాలామందిని చూశాను కాబట్టి ఈ పేరా ఒక్కసారికే అర్థమైంది. అంటే కాఫీ నాకు ఓపిక ఇవ్వలేదు, అలసట పెట్టిన ఫిర్యాదును తొక్కిపెట్టింది. ఒంట్లోంచి సగం పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6కి తాగినది రాత్రి 11కి సగం మిగిలే ఉంటుంది. నేనేమో ఇన్నాళ్లూ నిద్ర పట్టకపోవడానికి బాధ్యతల బరువే కారణమనుకున్నాను.

రెండో పరీక్ష డోపమిన్, అంటే నాడీకణాల మధ్య కబుర్లు మోసే ఒక రసాయనం. 'ఇది ఆనందపు హార్మోన్' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే పుస్తకం మూసేయండి. డోపమిన్ దాదాపు లేకుండా చేసిన ఎలుక నోట్లో తీపి వేస్తే లొట్టలేస్తుంది. అదే తీపి ఎదురుగా పెడితే అంగుళం కదలదు. ఇష్టం వేరు, వెంటపడటం వేరు. ఇక్కడ ఓ పేజీ ఆగని రచయితకు వ్యసనం గురించి మాట్లాడే హక్కు లేదని నా తీర్పు. అప్పీలు లేదు.

సిగరెట్ పొగలోని నికోటిన్ కొన్ని సెకన్లలో మెదడుకు చేరుతుంది, చర్మానికి అంటించిన పట్టీలోంచి గంటలకొద్దీ తీరిగ్గా వస్తుంది. పదార్థం ఒకటే, పట్టు వేరు. ఇదీ ఉండాలి.

నాకు బాగా నచ్చింది కుర్చీల కథ. గసగసాల మొక్క నుంచి వచ్చే నల్లమందుకు మెదడులో రిసెప్టర్లున్నాయని 1973లో తేలింది. ఆ మొక్క వస్తుందని మెదడు ముందే కుర్చీ వేసి ఉంచిందా? 1975లో జవాబు దొరికింది: ఆ కుర్చీలో కూర్చునే పదార్థాలను మెదడే తయారుచేసుకుంటోంది, వాటి పేరు ఎన్‌కెఫలిన్లు. గంజాయిదీ ఇలాంటి కథే. దాని కుర్చీలో కూర్చునే సొంత సరుకు 1992లో దొరికితే, సంస్కృతం నుంచి 'ఆనంద' తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. గర్వపడబోయాను గానీ, నా తలలో లైసెన్సు లేకుండా ఇదంతా తయారవుతోందని గుర్తొచ్చి తగ్గాను.

ఒకప్పుడు బేయర్ కంపెనీ హెరాయిన్‌ను దగ్గుమందుగా అమ్మింది, 1898లో. మందుకీ మత్తుకీ మధ్య గోడ ఎక్కడుందని పుస్తకం ఒక అధ్యాయమంతా మథనపడింది. డాక్టరు రాసేదాన్నీ సీసాలో పోసుకునేదాన్నీ 'మందు' అనే పిలిచే భాష మనది. మనకెందుకు ఆ మథనం?

పుస్తకం చూసి మా బావమరిది, "ఏంటి బావా, ఈ వయసులో కొత్త అలవాట్లా?" అన్నాడు. మద్యం అధ్యాయం మడతపెట్టి ఆయన చేతికిచ్చాను. రెండు పేజీలు తిప్పి, అక్షరాలు చిన్నగా ఉన్నాయని తిరిగి ఇచ్చేశాడు.

రోజూ కాఫీ తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే తలనొప్పి వస్తుందని, దాన్ని విత్‌డ్రాయల్ అంటారని కూడా ఉంది. హెరాయిన్‌కు వాడే మాటే నాకూ వాడారు! ఇది పరువుకు సంబంధించిన విషయం. నేను దేనికీ బానిసను కానని నిరూపించడానికి మర్నాడు పొద్దున్నే కాఫీ మానేశాను. మధ్యాహ్నం రెండింటిదాకా నిరూపించాను.