యజమానికీ ప్రవేశం లేదు

మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసులోని కంప్యూటరును నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర కూర్చున్న ఆడిటర్ తెరిచి, టాలీలో ధాన్యం లెక్కలు చూసుకోవాలనుకోవడం ఎంతటి దుస్సాహసమో యాంటీవైరస్ కంపెనీలు తప్ప మనమెవ్వరం గ్రహించలేదు. పద్ధతి గల మనుషులు గనుక మిల్లువారు మధ్యలో వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా రెండు చోట్లను కలిపే గోప్యమైన దారి) సైతం పెట్టుకున్నారు. అయినా ఫలితం లేదు.

యాంటీవైరస్‌తో పాటు వచ్చిన ఫైర్‌వాల్, అంటే బయటి కనెక్షన్లను ఆపే కాపలాదారు, నిష్పాక్షికతను ఎవరూ శంకించరాదు. దొంగకూ యజమానికీ తేడా చూపకపోవడం కంటే గొప్ప సమధర్మం ఏముంటుంది? దూరం నుంచి కంప్యూటరును తెరిచే విండోస్ సదుపాయమైన రిమోట్ డెస్క్‌టాప్ తలుపు తట్టేది 3389 నంబరు పోర్టు (కనెక్షన్లు వచ్చే ద్వారం) మీద. ఆ చప్పుడు విండోస్ చెవిన పడకముందే యాంటీవైరస్ దాన్ని మింగేస్తుంది. పొమ్మని కూడా అనదు. అవతల కనెక్షన్ కుదరలేదన్న సందేశం చూసిన ఆడిటర్, కరెంటు పోయిందా, సిస్టమ్ ఆఫ్ చేశారా అని గుమస్తాకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తాడు.

విండోస్ ఫైర్‌వాల్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఎదుట టిక్కు పెట్టానని గుమస్తా ఒట్టు వేసి చెబుతాడు. అది అబద్ధం కాదు. కాకపోతే, బయటి యాంటీవైరస్ తన ఫైర్‌వాల్‌తో సహా వచ్చి కూర్చున్న రోజే విండోస్ ఫైర్‌వాల్ పెత్తనం పోయిందనీ, ఇప్పుడా టిక్కు బదిలీ అయిపోయిన తహసీల్దారు సంతకం వంటిదనీ ఆయనకెవరూ చెప్పలేదు. పైగా వీపీఎన్‌ను ఈ కొత్త అధికారి తానెరుగని నెట్‌వర్క్‌గా భావించి ‘పబ్లిక్’ అని ముద్ర వేశాడు. మిల్లు లెక్కలు చూసే ఆడిటర్‌కూ, దారిన పోయే అనామకుడికీ ఇక ఒకే నిబంధన. (మిల్లులో ఉన్నది విండోస్ ప్రో కావడం అదృష్టం. హోమ్ ఎడిషన్ అయితే బయటి నుంచి వచ్చే రిమోట్ డెస్క్‌టాప్‌ను అసలు స్వీకరించదు. ఆ సంగతి అమ్మేటప్పుడు చెబితే బేరం చెడుతుంది.)

వీపీఎన్‌ను నమ్మదగినదిగా గుర్తించి, దాని అడ్రసుల నుంచి వచ్చే వారికి మాత్రమే 3389ను అనుమతిస్తే సరిపోతుంది. అయితే ఆ సెట్టింగులకు పాస్‌వర్డ్ పెట్టి పోయిన మహానుభావుడు ఫోన్ ఎత్తడం లేదు. కంప్యూటర్ షాపు నిపుణుడు అంతకంటే సులువైన ఉపాయం చెప్పాడు: యాంటీవైరస్‌నూ వీపీఎన్‌నూ తీసిపారేసి, రౌటరులో 3389ను లోకమంతటికీ తెరిచిపెట్టడం. 2019లో రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, ఏనాడో మద్దతు ఆపేసిన పాత విండోస్ ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (లోపాన్ని సరిదిద్దే సవరణ) ఇవ్వవలసి వచ్చింది ఈ తలుపు గురించే. ఆడిటర్ ఒప్పుకోలేదు.

ప్రస్తుతం మిల్లు లెక్కలు పెన్‌డ్రైవ్‌లో, గుమస్తా జేబులో, ఆర్టీసీ బస్సెక్కి నల్లగొండ చేరుతున్నాయి. ఆ మార్గానికి ఫైర్‌వాల్ ఇంతవరకు అభ్యంతరం చెప్పలేదు.