పాత కమానుకు సిమెంటు పూయించే పెద్దమనుషులకు

నాకు ఒళ్లు మండే మాట ఒకటుంది. "పాత కట్టడమే కదా, పెచ్చులూడిన చోట సిమెంటు కొట్టి రంగేయించేయండి, ఇక చూసుకోనక్కర్లేదు."

కూల్చేస్తామంటే గొడవ చేసేవాళ్లు మన హైదరాబాద్‌లో ఇంకా ఉన్నారు, సంతోషం. 2019లో కొత్త అసెంబ్లీ కోసం పాత ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను పడగొడతామంటే జనం కోర్టుకెక్కారు, హైకోర్టు కుదరదంది. రిపేరు పేరుతో పోతున్నదాని గురించి మాత్రం అడిగే నాథుడు లేడు.

హైదరాబాద్ చుట్టూ దొరికేది గ్రానైట్. గోడలకు భేషైన రాయి. దాని మీద సన్నటి తీగలూ పూలూ చెక్కాలంటే మాత్రం చుక్కలు చూపిస్తుంది. అందుకే కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడి పనితనం చాలావరకు సున్నంలోకి దిగింది. 1591 నాటి చార్మినార్ మీది పూలు, గోల్కొండ దగ్గరి సమాధుల్లో గుమ్మటం అడుగున విచ్చుకున్న తామర రేకులు, అంతా గచ్చు పనే, అంటే సున్నం పూతలో మలిచినదే. కార్వాన్‌లో టోలీ మసీదు ఉంది, 1671లో కట్టింది. ముందు ఐదు కమాన్లు, నడిమిదానికి ముస్తాబు కాస్త ఎక్కువ. బిర్యానీ కోసం ఊరు ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగే మనలో అది చూసినవాళ్లు ఎంతమంది? సంతోష్‌నగర్ వైపు, నిజాంల కాలపు ‘పైగా’ వంశం నవాబుల సమాధులకు వెళ్తే ఒక గోడ మీది నక్షత్రాల అల్లిక పక్కదాని మీద కనబడదు. కళ్లు అలిసిపోతాయి గానీ ఆ మేస్త్రీలు అలిసినట్టు లేరు.

మా వీధి చివర ఒక పాత దేవిడీ (నవాబుల కాలపు భవంతి) గేటు ఉంది. కమాను మీద ద్రాక్ష తీగ, ఆకుల్లో ఈనెలు కూడా తెలిసేవి. పండక్కో పూత చొప్పున ఎనామిల్ పూసి పూసి ఆ ఆకుల్ని బజ్జీల్లా ఉబ్బించారు. ఈమధ్య అంచులకు బంగారు రంగు కూడా. ఇదేంటండీ అంటే, "మెరుస్తోంది కదా సార్!" అన్నారు. నిజమే, మెరుస్తోంది.

రంగుతో అందం పోతే సిమెంటుతో ప్రాణమే పోతుంది. సున్నం తేమను పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. సిమెంటు బిగుసుకుపోయి ఆ తేమను గోడలోనే ఆపేస్తుంది. లోపల ఉప్పు పొంగి, అతుకు చుట్టూ ఉన్న పాత గచ్చు రాలిపోతుంది. అప్పుడు అక్కడ కూడా సిమెంటే! కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో పాత కట్టడాలను బాగుచేసే ఆగాఖాన్ ట్రస్టు పని మొదలుపెట్టాక, పాత రిపేర్ల సిమెంటును ఊడదీసి మళ్లీ సున్నం వేయాల్సి వచ్చింది. పదేళ్లు దాటిన పని అది.

సున్నం నానాలి, గానుగలో నలగాలి, ఒక పూత ఆరాకే ఇంకో పూత. పండగలోపు ఫినిషింగ్ కావాలనే కాంట్రాక్టర్‌కు అంత ఓపిక ఎక్కడిది? టెండర్లో "మరమ్మతులు, రంగులు" అని రాసే ఆఫీసరుకు అసలు తేడా తెలిస్తే కదా.

మీ ఇంట్లోనో గుళ్లోనో దర్గాలోనో పాత గచ్చు ఉంటే దయచేసి సిమెంటు బస్తా దించొద్దు. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరికేదాకా, వాన నీళ్లు దిగకుండా పైన చూసుకుని, పెచ్చు ఊడినచోటు ఊడినట్టే వదిలేయండి. ఖర్చు ఎక్కువంటారా? ఎక్కువే.