పెద్దవాళ్లకు కాలెండర్ చేయించే ముందు

ఇంట్లో పెద్దవాళ్లకు ఫొటో కాలెండర్ చేయించి ఇవ్వడం విశాఖలోనూ మామూలైపోయింది. పైన మనవల ఫొటో, కింద వేలెడంత తేదీల పట్టీ. నెల తిరక్కుండానే పక్క మేకుకు కొట్టువాడు ఇచ్చిన పంచాంగం కాలెండర్ వేలాడుతుంది. తిథి, అమావాస్య కనబడేది అందులోనే మరి.

కాబట్టి ఫొటోలు వెతికే ముందు, ఆ మనిషికి ఏడాది ఎలా నడుస్తుందో రాసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. చేప లేనిదే ముద్ద దిగని ఇంట్లో అది పండగంత పెద్ద తేదీ. ఆ పేజీల్లోనే ముంజలు, ఆవకాయ కాయ. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ, మార్గశిరంలో బురుజుపేట కనకమహాలక్ష్మి గురువారాలు. నడవలేని వాళ్లకు కూడా ఆ రోజు ఎప్పుడో తెలియాలి, ఆ మాటకొస్తే వాళ్లకే ఎక్కువ తెలియాలి.

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న తీరం దాటాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అందుకే సెప్టెంబరు చివరి వారం గడిలో ‘15 రోజుల మందులు’ అని ఉండాలి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదార్లు బతికే ఉన్నామని చూపే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది నవంబరులో. 80 దాటితే అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. ఈపీఎస్ (పీఎఫ్ ఆఫీసు ఇచ్చే) పింఛనుకు ఎప్పుడిచ్చినా ఏడాది చెల్లుతుంది గనుక, పోయినసారి ఇచ్చిన తేదీ చూసి గడి నింపాలి.

ఎక్కువ తప్పులు దొర్లేది తిథుల్లో. పోయినేటి ఫైలు తీసి అటూ ఇటూ సర్దితే సరిపోదు. వినాయక చవితి 2025లో ఆగస్టు 27న వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం వల్ల సెప్టెంబరు 14కు జరిగింది. తద్దినాలూ అంతే. అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి ఊరు పెట్టిన యాప్‌లోంచి తిథులు ఎక్కిస్తే ఒక రోజు తేడా పడొచ్చు. తద్దినం విషయంలో ఆ తేడాను పెద్దవాళ్లు క్షమించరు. విశాఖ సూర్యోదయానికి లెక్కకట్టిన పంచాంగంతో సరిచూడాలి.

ఇక కొలతలు. ఏ3 కాగితం నిలువుగా వాడితే అంచులు పోను గడి వెడల్పు 39 మిల్లీమీటర్లు. తేదీ అంకె ఫాంటు సైజు 60 పాయింట్లు ఉండాలి, తెలుగు అక్షరం 20కి తగ్గితే వత్తులు అలుక్కుపోతాయి. ఆ సైజులో గడికి రెండు మాటలే పడతాయి, అదే మంచిది. కాగితం ఎత్తులో ఆరు వరుసలకు 45 మిల్లీమీటర్ల చొప్పున 270 పోగా, పైన ఫొటోకు మిగిలేది మూడో వంతు. గుంపు ఫొటో అందులో చీమల బారే. ఒక్క ముఖం, కింద పేరు చాలు. వయసుతో కంటి కటకం పసుపుబారి ముదురు నీలం నల్లగా కనిపిస్తుంది కాబట్టి పండగలకు ఎరుపే వాడాలి. మెరిసే ఆర్ట్ పేపరు మీద ట్యూబ్‌లైట్ పడి అక్షరం మాయమవుతుంది. 170 జీఎస్ఎం (కాగితం మందాన్ని చెప్పే బరువు లెక్క) ఉన్న, మెరవని మ్యాట్ పేపరు తీసుకోండి. ఉప్పుగాలికి ఇనప స్పైరల్ తుప్పుపట్టి పేజీల మీద మరకలు వేస్తుంది, ప్లాస్టిక్‌దే నయం.

బైఫోకల్ కళ్లద్దాలు ఉన్నవాళ్లు దగ్గరివి కింది భాగంలోంచి చూస్తారు. మేకు ఎత్తులో కొడితే మెడ వెనక్కి వాల్చాల్సి వస్తుంది. తేదీల గడులు ఛాతీ ఎత్తుకు రావాలి.

పన్నెండూ అచ్చుకు ఇచ్చేలోపు ఒక్క నెల తీయించి, వాళ్లు రోజూ కూర్చునే కుర్చీ ఎదురుగా సాయంత్రం లైటులో అతికించండి. ‘ఈ నెల అమావాస్య ఎప్పుడు?’ అని అడగండి. లేచి దగ్గరికెళ్లి చూశారంటే అక్షరం ఇంకా పెంచాలి.