ఖర్చులేని దానకర్ణుడి విన్నపం

మహారాజశ్రీ అరిజోనా స్కూల్ ట్యూషన్ టాక్స్ క్రెడిట్ గారి సముఖమునకు,

అమెరికాలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో కాపురముంటున్న ఒక దాత నమస్కరించి రాయునది.

దాత అని నాకు నేను పెట్టుకున్న బిరుదు కాదండీ, మీరిచ్చిందే. ఆమధ్య, ప్రైవేటు బడుల్లో చదివే పిల్లల ఫీజులకు సాయం చేసే ఒక స్కాలర్‌షిప్ సంస్థకు 500 డాలర్లు కట్టాను. "మీ ఉదార హృదయానికి కృతజ్ఞతలు" అంటూ ఉత్తరం వస్తే, మురిసిపోయి ఫ్రిజ్‌కి అంటించాను. తర్వాత టాక్స్ ఫారం నింపుతుంటే రాష్ట్రానికి నేను కట్టాల్సిన పన్నులోంచి సరిగ్గా 500 తగ్గింది. డాలరుకి డాలరు, టాక్స్ క్రెడిట్ అంటే అదేనట. నా ఉదార హృదయం ఖరీదు సున్నా అని తేలింది. ఉత్తరం మాత్రం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.

మామూలు దానాలకు ఈ వైభోగం ఎక్కడిదండీ? గుడికో, అన్నదానానికో వంద ఇస్తే, అది ఆదాయంలోంచి మాత్రమే తగ్గుతుంది. 22 శాతం శ్లాబులో ఉన్నవాడికి ఫెడరల్ (కేంద్ర) పన్నులో మహా అయితే 22 మిగులుతుంది, తక్కినది నిజంగానే జేబులోంచి పోతుంది. కవచకుండలాలు ఇచ్చిన కర్ణుడు ఇంద్రుడి దగ్గర శక్తి ఆయుధం పుచ్చుకున్నాడు గానీ, కవచం మళ్లీ ఒంటిమీదకి రాలేదు. మీరుంటే రిటర్న్ వేసేసరికి వచ్చేసేది.

ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు ఈ లెక్కంతా విని, "అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదేనా బాబూ?" అన్నారు. ఆవిడ సొమ్ము జోలికి నేను పోలేదు. ఇక్కడ అత్తగారు అరిజోనా ఖజానా.

అమెరికా సుప్రీంకోర్టు మాత్రం మా అత్తగారితో ఏకీభవించలేదు. 1997లో మీరు పుట్టిన దగ్గర్నుంచి మీమీద కేసులే కదా. చివరికి 2011లో 5–4 తేడాతో తీర్పు వచ్చింది. ఆ డబ్బు దాత జేబులోంచి నేరుగా వెళ్లింది, ఖజానాలో అడుగే పెట్టలేదు, కాబట్టి పన్ను కడుతున్నామన్న ఒక్క కారణంతో దీనిమీద దావా వేసే అర్హత ఎవరికీ లేదన్నారు. పాలు దుత్తలో పడకముందే తాగేస్తే పిల్లిని ఏమీ అనడానికి లేదన్నమాట. సర్కారు చేత్తో డబ్బిచ్చినా, పన్నులో వదిలేసినా తేడా ఏముందని జస్టిస్ కేగన్ అసమ్మతి రాశారు. ఆవిడా మా అత్తగారూ ఎప్పుడూ కలుసుకోలేదు.

మీ ఫారంలో నాకు బాగా నచ్చిన గడి ఒకటుంది: ఫలానా విద్యార్థికి ఇమ్మని సిఫారసు చేయొచ్చు! సిఫారసులకు దూరంగా బతుకుదామని ఇంత దూరం వచ్చినవాణ్ణి, ఆ గడి చూడగానే కళ్లు చెమర్చాయి. సొంత పిల్లల పేరు రాయకూడదట. సరే, మీ అబ్బాయికి నేనిస్తా, మా అమ్మాయికి మీరివ్వండి అని కుండమార్పిడి చేసుకుందామంటే, అదీ కుదరదని చట్టంలోనే రాశారు. చట్టం దాకా వెళ్లిందంటే, అంతకుముందు ఎన్ని కుండలు మారాయో!

మీకు ఓవర్‌ఫ్లో క్రెడిట్ అని తమ్ముడు కూడా ఉన్నాడు. మీ గిన్నె నిండాక పొంగింది ఆయన పట్టుకుంటాడు. ఇద్దరూ కలిసి దంపతుల దగ్గర దాదాపు 3,000 డాలర్ల దాకా పుచ్చుకుంటారు. అదే మా అమ్మాయి చదివే ప్రభుత్వ బడికి, ఆటలకో బ్యాండుకో ఇస్తామంటే దంపతులకు క్రెడిట్ 400 దగ్గర ఆగిపోతుంది. ఆ బడి టీచరు ఏటా పంపే లిస్టులో టిష్యూ డబ్బాలు, పెన్సిళ్లు, గ్లూ స్టిక్కులు ఉంటాయి. అవి కొనిస్తే క్రెడిట్ లేదు, ఉత్తరమూ రాదు. ఒకసారి ఒక స్మైలీ స్టిక్కర్ వచ్చింది.

మీ సాయంతో కోరుకున్న బడికి వెళ్లిన పిల్లలున్నారు, వాళ్ల మీద నాకు కోపం లేదు. నా గొడవంతా ఆ 'దానం' అన్న మాటతోనే.

ఇప్పుడు మీ వంశం వాషింగ్టన్ దాకా పాకింది. 2025 జూలైలో సంతకమైన చట్టం ప్రకారం 2027 నుంచి ఫెడరల్ పన్నులోనూ 1,700 డాలర్ల దాకా క్రెడిట్. రాష్ట్రంలో తీసుకున్నంతా ఇక్కడ తగ్గిస్తారట, ఆ మాత్రం సిగ్గు ఉంచారు. కానీ ఆ స్కాలర్‌షిప్‌కి అర్హత ఏమిటో చూశారా? ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయానికి మూడు రెట్ల దాకా సంపాదించే ఇల్లు కూడా అర్హమే. మా వీధిలో మొగుడూ పెళ్లాలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉండి, రెండు టెస్లాలకు ఈఎంఐ కడుతున్న నిరుపేదలు కొందరున్నారు. వాళ్లకీ విషయం ఇంకా చెప్పలేదు.

చివరగా ఒక్క మనవి. మా ఊళ్లో బడికి సీలింగ్ ఫ్యాన్ ఇస్తే రెక్కల మీద దాత పేరు ఎర్ర పెయింటుతో రాయించే ఆచారం ఉంది. నా 500తో ఏదైనా ఫ్యాన్ కొంటే నా పేరు రాయించకండి, న్యాయం కాదు. ఇచ్చినవాళ్ల పేర్లే రాయాలంటే అరిజోనా జనాభా 70 లక్షల పైమాటే, రెక్కలేమో మూడు. కాస్త సన్న అక్షరాలు రాసే పెయింటర్ని చూడగలరు.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక దాత (నికర ఖర్చు: 0 డాలర్లు)